రాగొ కెతె

ఉప్పునీళ్లలో స్పాంజీ ముక్కలు రెండు నానబెడుతుంది లిప్సారాణి.
పిండి, నుదుటికి ఎడమ పక్కన ఒకటి, కుడికంటి పైన ఒకటి
రబ్బరు పట్టీతో బిగిస్తుంది.
కాసేపు, జ్వరం నాటి తడిగుడ్డలా ఉంటుంది.

రెండు మిల్లీ ఆంపియర్లట.
మొదటి రోజు నవ్వొచ్చింది.
ఇరవై రెండేళ్లు పదకొండు వేల వోల్టులతో కాపురం చేసినవాణ్ణి.
గుమ్మ ఘాటీలో, సెరంగో దారిలో
గాలివాన వెలిశాక స్తంభం మీదే కూచుని బీడీ కాల్చినవాణ్ణి.
రెండు మిల్లీ! టార్చి బల్బు కూడా సిగ్గుపడుతుంది.

తర్వాత చీమలు.
ఎర్రవి కాదు, పంచదార చీమలు.
నుదుటి మీద బారు కట్టి
ఎక్కడికో పోతుంటాయి.

"రాగొ కెతె?" అంటుంది.
పర్లాకిమిడిలో పుట్టి, ఆఫీసులో సగం బతుకు ఒడియాలో గడిపీ
ఆ మాట దగ్గర ఇప్పటికీ తడబడతాను.
మా ఇంట్లో రాగమంటే పాట. వాళ్లింట్లో కోపం.
ఒకటి నించి పదిలో ఎంతో చెప్పాలి.
ఎనిమిది, అంటాను.
నా కోపానికి ఒడియా రాదు.

అప్పుడు చెప్పమంటుంది, మళ్లీ, మొదటి నించీ.
ఎలియా రైకా. సవర కుర్రాడు. నా హెల్పరు.
"లైను ఆపీసినారా బాబూ?"
"ఆపీసినారు, ఎక్కు."
ఆపారు, నిజమే. ఎవడి కొట్లోనో జనరేటరు తిరుగుతోంది,
వెనక నించి వచ్చింది కరెంటు.
వాన దగ్గర పడుతోందని
నేను ఎర్తు రాడ్డు తగిలించలేదు.

"ఈసారి రోడ్డుకి అవతల నిలబడ్డవాడిలా చెప్పండి," అంటుంది.
అవతల ఎవడున్నాడు?
ఒక మేక ఉంది. మేకలా చెప్పాను.

మతిలోంచి ఏదీ తుడిచెయ్యదిది, డాక్టరు ముందే అన్నాడు.
కొందరికి పని చేస్తుంది, కొందరికి చెయ్యదు.
ఇంట్లో పోలమ్మ స్టీలు కంచాలు దాచేసింది ఎప్పుడో.
అడ్డాకుల విస్తరిలో పెడుతుంది;
విసిరినా చప్పుడవదు.

పదకొండో రోజు, గుమ్మలో బస్సు దిగితే
ఆ కొట్టు. ఆ జనరేటరు, డుగడుగా.
చెయ్యి లేచింది, నాకు తెలుసు అది ఎక్కడికి పోతుందో,
కిందటి నెల అతని చొక్కా కాలరు దాకా పోయింది.
ఈసారి మధ్యలో ఎక్కడో
చీమలు దారి దాటుతున్నట్టు ఆగింది.
ఎక్కువసేపు కాదు.
బీడీ వెలిగించుకునేంత.

ఆ కాస్తలో నా కళ్లు గోడ మీదికి పోయాయి.
కొత్త చేంజోవర్ స్విచ్చి. మీద స్టిక్కరు కూడా తియ్యలేదు.
"ఎప్పుడు పెట్టావు?"
అతను నా మొహం చూడలేదు.
"మర్నాడే."

ఇద్దరం ఆ స్విచ్చినే చూస్తూ నిలబడ్డాం.
నుదుటి మీద ఉప్పు ఎండి చురుక్కుమంటోంది.

రేపు లిప్సారాణి అడుగుతుంది.
ఎంతని చెప్పను?
కోపమైతే లెక్క చెప్పగలను.
దీనికి పేరేమిటో
రెండు భాషల్లోనూ వెతుకుతున్నాను.