ఒకటే ఎర్తింగ్ గుంత

రేపు నల్లగొండల పరీక్ష.
ఇయ్యాల ఐతారం, మల్లేపల్లి చౌరస్తాల
జాంగీర్ మామ వైండింగు దుకాణంల
కాలిన మోటరు పొట్టలకెళ్లి
నల్లబడ్డ రాగితీగ గుంజుకుంట
నోట్లెనే చదువుకుంటున్న:

నోడ్ అంటే
రెండు, అంతకంటె ఎక్కువ బ్రాంచీలు కలిసే చోటు.

మామ బీడీ ఆర్పిండు.
"గదేంది, మన చౌరస్తానే గద.
సాగర్ బస్సు దిగినోళ్లు, దేవరకొండ ఆటో దిగినోళ్లు,
వచ్చినంత మంది పోవాలె.
రాత్రి ఈడ ఎవ్వరు పండుకోరు,
బజ్జీల బండి సత్తెమ్మ తప్ప."

సత్తెమ్మను లెక్కల ఏడ పెట్టాల్నో
పుస్తకంల లేదు.

తీగ ఎంత పొడుగున్నా
నడుమ ఏ సామాను లేకుంటే
ఈ కొస, ఆ కొస ఒకటే నోడ్ అంట.
డిండి దాక గుంజినా ఒకటేనా మామా?
"కాయితం మీద ఒకటే.
లైను చివర బోరు మూల్గుతది సూడు,
గప్పుడు తెలుస్తది తీగ ఎంత తింటదో."

లూప్ అంటే బయలెల్లిన కాడికే తిరిగొచ్చుడు.
మెష్ అంటే కడుపుల ఇంకో లూప్ లేని లూప్.
మామకు ఈ పేర్లు తెల్వయి.
గోటితోని గీకి తీగ గేజి చెప్తడు,
వాసన చూసి ఏ ఫేజు పోయిందో చెప్తడు.

ఓపెన్ సర్క్యూట్ కాడికొచ్చి గట్టిగ చదివిన:
కరెంటు సున్న.
వోల్టేజి మాత్రం రెండు కొసల నడుమ
నిండుగ ఉంటది.

మామ చేతుల చుట్టు ఆగింది.
గోడ అవుతల, యాకూబ్ మామ దుకాణంల
స్టార్టర్ డబ్బా మీద సుత్తె చప్పుడు
అదీ ఆగింది.

తొమ్మిదేండ్లాయె అన్నదమ్ములు మాట్లాడుకోక.
ఎందుకని అడిగితే ఒక్కొక్కరికి ఒక్కో సంగతి చెప్తరు.
ఓసారి బాకీ, ఓసారి పెండ్లిల పిలవలేదని.
ఉన్నది నాలుగించుల గోడ.
నడుమ చెయ్యి పెట్టినోళ్లకు షాకు కొట్టింది.
మా నాయిన పెట్టిండు ఓపారి, మల్ల పెట్టలే.

"తర్వాతది సదువు" అన్నడు మామ.

తర్వాతది గ్రౌండు.
మిగిలిన నోడ్లన్నిటిని దేంతోని పోల్చి కొలుస్తమో
గా సున్న.
బొమ్మల దాని గుర్తు
కిందికి పోంగ పొట్టిగయ్యే మూడు గీతలు.

దుకాణాల ఎనుక
వాళ్ల అబ్బ తవ్విన గుంత ఉంది.
ఉప్పు, బొగ్గు, ఒక ఇనుప పైపు.
రెండు దుకాణాలకు అదే ఎర్తింగు.
ఎండకాలం మట్టి ఎండిపోతే
ఇద్దరి డబ్బాలు జిల్లుమంటయి.
నేనొచ్చి షట్టరు లేపేటాళ్లకే
రోజు ఆ మట్టి తడిగ ఉంటది.
మామనే పోస్తున్నడనుకున్న.

"బిడ్డా, గుంతల నీళ్లు నువ్వే పోస్తున్నవ్ గద?"
తల ఎత్తకుంటనే అడిగిండు.
కాదు మామా, అన్న.

ఇంకేం అడగలే.
కొంచెం సేపటికి తీగ చుట్టుడు మొదలువెట్టిండు.
గోడ అవుతల
సుత్తె కూడ.