చీటీలో ఆఖరి బరువు

ఇస్కపల్లి గుంట గట్టున
రొయ్యల కాటా ఖాళీ అయింది.
"ఒక్క నిమిషం అబ్బయా" అన్నాను.
మా తక్కెడ స్ప్రింగు మొన్ననే సాగిపోయింది.

ట్రే కడిగి, కొంగుతో తుడిచి
అంకమ్మ పదకొండు రోజుల బిడ్డను పడుకోబెట్టాను.
కిలో ఎనిమిదొందలు.
చూపుతోనే కౌంటు చెప్పే కాపలా పోలయ్య
ఆ అంకెను రెండుసార్లు చదివాడు.

సబ్‌సెంటరుకు తాళం.
అల్లూరు ఆటో సాయంత్రానికి గానీ రాదు.
గుంటలో మాత్రం ఏరేటర్లు
రాత్రీ పగలూ ఊపిరి చిలుకుతున్నాయి.

ఐసు బండి స్టార్టయింది.
బిడ్డను తల్లి రొమ్ముల మధ్య
చర్మానికి చర్మం ఆనించి
పోలయ్య పంచెతో కట్టాను.
డ్రైవరు ఏమీ అనలేదు,
పక్క సీటు మీది బిల్లుల పుస్తకం తీసి
ఒళ్లో పెట్టుకున్నాడు.

కాటా కుర్రాడు అలవాటు చొప్పున రాసేశాడు కాబోలు,
చీటీలో ఆఖరి బరువు
కిలో ఎనిమిదొందలు.

ధర గడి ఖాళీ.