బొక్కల డబ్బా

అనాటమీ మ్యూజియంల రిజిస్టర్ మీద సంతకం పెట్టిచ్చుకొని
జంగమ్మ నా చేతులకు రేకు డబ్బా ఇచ్చింది.
"పధ్నాలుగో నంబరు. పదిలం బిడ్డా,
దవడ మీద ఆనిచ్చి పెట్టకు, కింద బట్ట పరువు.
పోయినేడు ఒక పోరడు బస్సుల మర్చిపోయిండు,
పాపం కండక్టర్ మూడొద్దులు జరమొచ్చి పన్నడు."

హాస్టల్ల లైటు కింద తువ్వాల పరిచి తీసిన.
ఇరవై రెండు బొక్కలట.
చేతులకు తీసుకుంటే ఒక్కటే తలకాయ.

నుదురు, ఫ్రంటల్.
అప్పు అడిగి ఉత్తగ వాపసొచ్చిన నాడు
మా నాయిన అరచెయ్యి ఆనిచ్చి కూసునే జాగ.
నెత్తి మీద రెండు పెరైటల్లు కలిసే కాడ
సన్నటి వంకర కుట్టు,
నాయనమ్మ బొంత కుట్టినట్టే, దారమే కనపడది.
పుట్టిన కొత్తల ఇక్కడ సందుండె.
ఎవరో తల్లి ఆముదం అద్ది ఉంటది,
మాడు ఎగిరెగిరి పడుతుంటే భయపడి ఉంటది.

చెంప మీద జైగోమాటిక్.
నోరు తిరగక నోట్సుల "చెంప గడప" అని రాసుకున్న.
ముక్కు నడుమ వోమర్.
లాటిన్ల దానర్థం నాగటి కర్రు అని రఫత్ మేడం చెప్తే
అందరు రాసుకున్నరు, నాకు నవ్వొచ్చింది.
మా ఎకరంన్నరల కర్రు దిగితే రాయే తగులు.
ఇక్కడ చూడు,
ఊపిరిని ఎంత సాఫుగ రెండు సాళ్ళు చేసిందో.

కంటి మూలకు లాక్రిమల్, చిటికెనేలి గోరంత.
కన్నీళ్ళు ముక్కులకు దిగే తొవ్వ.
ఎడమది లేదు. ఎప్పుడో విరిగి ఎక్కడో రాలింది.
దాని సందుల నుంచి ట్యూబులైటు కనపడుతుంది.

మొత్తం మొకంల కదిలేది కింది దవడొక్కటే.
రెండు దిక్కుల స్ప్రింగు కట్టిన్రు.
చదువుకుంట చదువుకుంట ఊకెనే తెరిచిన.

పండ్లు చూసిన.

పదకొండు మిగిలినయ్.
ముందటి నాలుగింటి మీద అడ్డంగ గీతలు, తుప్పు రంగువి,
తొట్టిల నీళ్ళు దిగినంక గోడకు మిగిలే చారల లెక్క.
లేచి అద్దం కాడికి పోయి పెదవి ఎత్తిన.
అవే గీతలు. అదే ఎత్తుల.

పన్ను పొడుసుకు రాకముందే చిగురు కింద తయారైతదట,
ఆ యేండ్లల్ల తాగిన నీళ్ళే దాని మీద రాస్తయట.
మర్రిగూడ, నాంపల్లి, చండూరు,
బోరింగ్ కొడితే ఎంత తేట నీళ్ళు!
బిందెల అడుగు కనపడేది.
తమ్ముడు పుట్టేసరికి కృష్ణ నీళ్ళొచ్చినయ్,
వాని పండ్లు జొన్న పాలగింజలు.
పదో తరగతి ఫోటోల నేనొక్కదాన్నే పెదవులు కుట్టుకొని నిలబడ్డ.
ఈనాటికీ నవ్వొస్తే చెయ్యి దానంతటదే లేస్తది.

ఎవరివి నువ్వు?
పాత బొక్కలు, ఎక్కడియో ఏమో అన్నరందరు.
కనుబొమ్మ గట్టు సన్నగుంటే ఆడమనిషి కావచ్చునని పుస్తకంల ఉంది.
నీది సన్నగనే ఉంది.
కొంగు అడ్డం పెట్టుకొనే నవ్వినవా బతికినన్నొద్దులు?
ఇప్పుడు కొంగూ లేదు, చెయ్యీ లేదు, పెదవే లేదు.
యేడాదికో బ్యాచ్ ముంగట
పండ్లన్నీ పెట్టి నవ్వుతనే ఉన్నవ్.

ఆ రాత్రి డబ్బాల పెట్టబుద్ధి కాలే.
బల్ల మీదనే ఉంచిన, కిటికీ దిక్కు మొకం పెట్టి.
లతీఫ్ సాబ్ గుట్ట మీద ఒక్క దీపం ఉండె.
రూమ్మేటు తిట్టుకుంట అటు తిరిగి పండుకుంది.

వైవాల రఫత్ మేడం దీన్నే నా ముంగట పెట్టింది.
అన్నీ చెప్పిన, స్ఫీనాయిడ్ కాడ తడబడ్డ.
"ఏమినపడ్తలేదమ్మా, నోటి మీదికెల్లి చెయ్యి తియ్యి."
తీసిన.

వాపసు ఇచ్చేనాడు జంగమ్మ
పెన్ను నాకే ఇచ్చి రాయమన్నది.
కింది దవడ, ఉంది. ఎడమ లాక్రిమల్, లేదు. పండ్లు, పదకొండు.
ఊరు అనే గడి ఆ రిజిస్టర్ల లేదు.
అంచు మీద పెన్సిలుతోని రాసిన:
మా దిక్కు మనిషి.

జంగమ్మకు అంకెలు తప్ప అక్షరాలు రావు.
"గంత చిన్నగ ఏం రాసినవ్ బిడ్డా?" అని
చదివి వినిపిస్తే నవ్వింది,
చెయ్యి నోటికి అడ్డం పెట్టుకొని.