కోతకు ముందు కుట్టు

షెఫీల్డులో కత్తులకు కొదవ లేదు.
మా వీధి చివరి కొట్లో ఇప్పటికీ
వెన్న రాసేది వేరు, చేప ముల్లు తీసేది వేరు,
ఉత్తరం చీల్చేది వేరు.
ఇరవై ఆరేళ్లుగా నా కత్తెర సానపట్టేది అక్కడే.
ఇప్పుడు నాకు చెబుతున్నారు,
అలుగు లేని కత్తి ఒకటుందట.
మంగళవారం అది. గురువారం మామూలుది.

ముందు రొమ్ములో వచ్చింది. అది పాత సంగతి,
దాని వెలితిని జాకెట్టు కుట్టులో సర్దేశాను.
ఇప్పుడు తలలో.
కోటు బొత్తామంత, అన్నాడు డాక్టర్ హార్‌గ్రీవ్స్.
ఎన్ని బెజ్జాల బొత్తాం అని అడుగుదామనుకున్నా.
ఆ మాటే నోటికి రాదు.
రాస్తే వస్తుంది, పలకబోతే జారిపోతుంది.
మొన్న రేమండ్ చొక్కాకి ఊడినదాన్ని
"చందమామ పడిపోయింది" అన్నాను.
బస్సు నడిపే మనిషి, నవ్వలేదు.
మోకాళ్ల మీద వెతికి తెచ్చి నా అరచేతిలో పెట్టాడు.

పానకాలు ప్రశ్నలు కాగితం మీద రాసుకొచ్చాడు.
తీసేసేదానికి ముందు కాల్చడం ఎందుకండీ?
డాక్టరు బొమ్మ గీశాడు.
కత్తి తగిలితే చెదిరే కణాలు,
చెదిరి ఇంకెక్కడో నాటుకోవడం,
ముందే చచ్చి ఉంటే రాలినా మొలవవని.
మా ఆయన తలూపుతున్నాడు, ఒక్క ముక్క ఎక్కలేదు.
నాకు బొమ్మ కూడా అక్కర్లేకపోయింది.
జరీ బట్ట కోయబోతే
సుద్దగీతకి అటూ ఇటూ ముందే కుట్టు నడుపుతాను,
లేదంటే కత్తెర పడగానే పోగులు ఊడిపోతాయి.
చెబుదామని నోరు తెరిచాను.
"అంచు... అంచు..."
ఆయన ఆగాడు. తొందరపెట్టలేదు.
"ఎడ్జ్" అన్నాను చివరికి.
"సరిగ్గా అదే" అన్నాడు.

బెథన్ అనే పిల్ల వేడినీళ్లలో నానిన వలను
నా ముఖం మీద పరిచింది.
గట్టిపడేదాకా కదలకూడదు.
ఎంతమందికి కొలతలు తీసుంటాను!
టేపు చూడగానే అందరూ పొట్ట లోపలికి లాగేస్తారు.
నేనూ లాగాను.
"మామూలుగా ఉండండి" అంది బెథన్,
అచ్చం నాలాగే.

మంగళవారం నలభై నిమిషాలు.
నొప్పి లేదు, వాసన లేదు, మిషను ఏదో గొణుక్కుంది.
కనపడని దారాలు ఎక్కడెక్కడి నుంచో వచ్చి
ఒక్కచోటే ముడిపడుతున్నాయనుకున్నా.
బయటికొస్తే పానకాలు కంగారుపడ్డాడు.
బుగ్గల నిండా వల గళ్లు,
లేసు దుప్పటి మీద బోర్లా పడుకుని లేచినట్టు.

బుధవారం
చచ్చిపోతున్నదాన్ని తలలో మోసుకుంటూ
ట్రామెక్కి కొట్టుకెళ్లాను.
వద్దన్నాడు. ఏడు ప్యాంట్లున్నాయి చేతిలో, అన్నాను.
ఆరింటికి కాళ్లు మడిచాను.
ఏడోది రేమండ్‌ది.
సుద్దగీత గీశాను, అటూ ఇటూ కుట్టేశాను.
కత్తెర మాత్రం తీయలేదు.

ఈ శనివారానికో, పై శనివారానికో
అని చీటీ రాసి గుండుసూదితో గుచ్చాను.
చొక్కా పని అయిపోయిందని కింద ఒక్క మాట,
అతనికి చదవడం రాకపోయినా,
పెద్దక్షరాల్లో, తెలుగులో:
బొత్తాం.