పైకప్పులో మేక

మొదటి రోజు మందుల పేర్లు చెబుతుందనుకున్నాం.
నోటు పుస్తకాలకు అట్టలేసుకుని
పదకొండు మందిమి వరసగా కూర్చున్నాం.
బైందు సిస్టర్ చేతి గడియారం విప్పి జేబులో వేసుకుంది.
"చెప్పులొదిలి ఒక్కొక్కరూ బల్లెక్కండి" అంది.

కెనెమాలో అది ఆగస్టు.
రేకుల మీద వాన ఎవరి మాటా ఎవరికీ విననివ్వడం లేదు.
ఆరేళ్లు వార్డులో నర్సుగా చేశాను,
ఎన్ని వందల మందినో ఈ బల్ల మీదికి చేర్చాను,
ఒక్కసారీ దాని మీద వీపు ఆన్చలేదు.
ఇంత ఇరుకని తెలీదు.
చేతులెక్కడ పెట్టుకోవాలో మనిషికి తోచదని తెలీదు.
రెగ్జిన్ చల్లదనం
వెన్నుపూసల్ని లెక్కపెట్టుకుంటూ మెడ దాకా పాకింది.

తల వెనక నుంచి ఒక ముఖం వంగింది
గడ్డం పైన, కళ్లు కింద.
పొద్దున నాతో కలిసి టీ తాగిన లాహాయ్‌నే
పోల్చుకోలేకపోయాను.
నల్ల రబ్బరు మాస్కు ముక్కు మీదికి దిగింది.
సైకిలు ట్యూబు వాసన.
ఎవరో తలుపు బాదుతున్నట్టు గుండె.

"ఏం కనిపిస్తోంది?"
"లైటు."
"ఇంకా?"
"ఉబ్బిన ప్లైవుడ్డు. తుప్పు మరక."
"ఎలా ఉంది?"
"మేకలా ఉంది సిస్టర్. కొమ్ము ఒకటే."
"రాసుకోండి" అంది మిగతావాళ్లతో,
"ఇవాళ్టికి పాఠం ఇదే."

తర్వాత అన్నీ వచ్చాయి.
కెటమిన్ కొలతలు,
దవడ ఎత్తితే నాలుక దారి వదలడం,
జనరేటరు రెండుసార్లు దగ్గి ఆగిపోతే
మానిటరు వైపు కాదు, మనిషి పెదవుల వైపు చూడడం,
టార్చి పళ్ల మధ్య కరుచుకుని
సంచీ నొక్కుతూ ఊపిరి అప్పివ్వడం.
గొట్టం ఎటు పోయిందో గొట్టం చెప్పదు, ఛాతీని అడుగు, అనేది.
పరీక్షల్లో ఎన్నడూ రాని ప్రశ్న ఒకటుంది:
"బల్ల దగ్గర అబద్ధమాడకండి.
సూది గుచ్చుకుంటుందంటే గుచ్చుకుంటుందనండి.
ఏమీ కాదు అని మాత్రం అనకండి.
నేనిక్కడే ఉన్నాను అనండి.
అని, ఉండండి."
తను ఎవరితో ఏమీ కాదందో
మేం అడగలేదు.

హర్మటాన్ దుమ్ము కిటికీలకు పట్టిన ఫిబ్రవరిలో
మస్సా వచ్చింది.
రెండు రోజుల నొప్పులు, బిడ్డ అడ్డం,
మోటారు సైకిలు మీద ఇద్దరి మధ్య కూర్చుని యాభై మైళ్లు.
వెన్నులో సూది వేశాను. గుచ్చుకుంటుందని చెప్పే వేశాను.
కాసేపటికి "నా కాళ్లెవరు పట్టుకుపోయారు?" అంది.
పళ్లు టకటకలాడుతున్నాయి.
కుడి తుంటి కింద దుప్పటి మడత దూర్చాను.
బీపీ డెబ్బైకి జారింది.
చేతులు తమ పని తాము చేసుకుపోయాయి,
నోరే మాట కోసం వెతుక్కుంది.

"పైకి చూడు. మేక కనిపిస్తోందా?"

చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత, నన్ను తప్పుపడుతున్నట్టు,
"ఉత్త మేకేం కాదు. పొట్ట చూడు. చూలుది."

తెరకు అవతల డాక్టరు మోచేతుల దాకా రక్తంలో ఉన్నాడు.
ఇవతల మేమిద్దరం
దానికి ఒక పిల్లా, రెండా అని
ఏడుపు వినబడే దాకా వాదించుకున్నాం.

ఏడాది పోయాక సంతలో మిరపకాయల దగ్గర
కొలత తక్కువుందని గొడవ పెట్టుకున్నాను.
అమ్మే మనిషి తలెత్తి చూసింది, ఆనవాలు పట్టలేదు.
నా ముఖం ఆమెకు తెలిసింది తలకిందులుగా కదా.
గొంతు విన్నాక మాత్రం
గిన్నె మీద చెయ్యి ఆగింది.
"మేక ఉందా ఇంకా?"

వీపున గుడ్డలో పిల్ల నిద్రపోతోంది, నోరు తెరుచుకుని.
అలవాటు కొద్దీ ఊపిరి లెక్కపెట్టాను.

పోయిన నెలే ఆ ప్లైవుడ్డు పీకేసి
కొత్త తెల్ల రేకులు కొట్టారు.
సిస్టర్ చెప్పింది బల్ల దగ్గరి సంగతే కదా,
ఇది సంత.

"ఉంది" అన్నాను.
"ఈనింది."