రెండూ పదికి

చేత్తో నొక్కితే నడుస్తాది.
అదే దాంతో గొడవ.
ఎదురుగా కూచుని నొక్కితే నల్ల కిటికీ తెరుచుకుని
పూతలపట్టు, ఐరాల, గుడిపాల, యాదమరి,
ఊరూరి పాలూ కూడేసి, వెన్న శాతం చూసి
ఎవురికెంతో రాసి గమ్మున మూసుకుంటాది.
రాత్రి రెండూ పదికి, ఎవురూ లేనప్పుడు,
దానంతటది లేయమంటే
లేస్తాది. ఏమీ చెయ్యదు. మళ్ళా పడుకుంటాది.
పొద్దున వచ్చి చూస్తే
చివరి ఫలితం: సున్నా.
సున్నా అంటే తప్పేమీ జరగలేదని.

ఐరాల మొగిలమ్మ సున్నాని నమ్మదు.
"పది దినాల బిల్లు పాపా, మెసేజీ రాలా.
మా ఎనుము ఎగ్గొట్టిందా, మీ మిషను ఎగ్గొట్టిందా?"
"చూస్తాండానక్కా."
"చూస్తే నీకు జీతమొస్తాది. నాకు తవుడు రాదు."

చూసినా. వారం దినాలు చూసినా.
గడియారం సరిగానే ఉండాది.
ఒక రాత్రి ఇంటికి పోకుండా చిత్తూరు డైరీలోనే కూచున్నా,
రెండూ పదికి దాని మొహం చూద్దామని.
పక్క గదిలో పాల ట్యాంకు గురక.
కిటికీ తెరుచుకోలా. తెర మీద ఏదీ కదల్లా.
నాకు కనపడని ఇంకేదో గదిలో
పని మొదలై అయిపోయింది,
నేను కుర్చీలో ఉండంగానే
నేను లేనట్టు.

తెల్లారి స్క్రిప్టు నెత్తిన రెండు వరసలు కలిపినా:
నువ్వెవురు? యాడుండావు?
జవాబు ఫైల్లో రాసి పెట్టమన్నా.
మరుసటి దినం తెరిస్తే ఉండాది.
నేను దిల్షాద్.
సిస్టం ముప్పై రెండులో నిలబడుండా.
సీ తప్ప ఇంకో డ్రైవు నాకు తెలీదు.

పేరు నాదే. చోటు నాది కాదు.
పాల లెక్కలుండేది జెడ్‌లో.
నేను లాగిన్ అయితే జెడ్ పుడతాది, నేను పోతే పోతాది.
పేరొకటి చేతిలో పెట్టి దాన్ని చీకట్లోకి తోసినా,
దారి చెప్పలా.

మరి పదకొండేండ్లు ఎట్ల నడిచినట్టు?
మునిరత్నం సార్‌కి ఫోన్ చేసినా.
రిటైరై మూడు వారాలు. గుజ్జు ఫ్యాక్టరీ కాడ
తోతాపురి ట్రాక్టరెక్కి వరసలో ఉండాడు.
"నేనెప్పుడూ లాగాఫ్ కొట్టలేదు కదమ్మా దిల్షాదూ," అన్నాడు.
"మానిటరొకటి ఆర్పేసి పోతాంటి.
కడాకు ఆ దినం మీరంతా దండేసి, టీ తాగినాక,
పద్ధతిగా ఉంటాదని కొట్టేసొచ్చినా."
వెనక హారన్లు. వరస కదిలినట్టుంది, పెట్టేసినాడు.

పదకొండేండ్లు
ఆయన పెండ్లిండ్లకు పోయినా, జరమొచ్చి పడుకున్నా,
కరోనాలో నెల దినాలు తలుపేసుకున్నా
ఆయన పేరు ఆ పెట్టెలో కూచునే ఉండాది,
ఆరిన తెర వెనక కండ్లు తెరుచుకుని.
మేమంతా దాన్ని ఆటోమేటిక్ అంటాంటిమి.

జెడ్ తీసేసినా. రెండు వాలు గీతలు గీసి
సర్వరు పేరు, అల్మారా పేరు, అర పేరు
కొత్త పోస్టుమేన్‌కి చెప్పినట్టు రాసినా.
లెక్క దొరక్కపోతే సున్నా అనొద్దు,
ఒకటని ఒప్పుకో, అని ఇంకో వరస.
రైతుల పట్టీ అడుగున నన్నూ చేర్చినా,
ఎనుము లేని సభ్యురాలిగా.
అప్పుడు లాగాఫ్ కొట్టినా.
చెయ్యి రవ్వంత వెనకాడింది.

గ్రీమ్స్‌పేటలో మిద్దె మీద పడుకున్నా, దిండు కింద ఫోను.
రెండూ పది. బెంగుళూరు లారీ ఏదో గేరు మార్చింది.
రెండూ పదకొండు.
చాపంతా చెవి అయింది నాకు.
రెండూ పన్నెండుకి దిండు అదిరింది:
"దిల్షాద్. పాలు సున్నా లీటర్లు. మీకు రావలసింది సున్నా రూపాయలు."

ఐరాలలో ఇంకో ఫోను అదిరుంటాది ఇదే గడియకి.
మొగిలమ్మ లేచి, అంకెను వెలుతురుకి దగ్గిరగా పెట్టుకుని,
ఇది మెసేజీ పంపే టైమా అని
నన్ను తిట్టుకుంటా ఉంటాది.