పాత పేరు మీద కొత్త గుడ్డ

జట్టు ఊరు మారుతున్న సంగతి
నాకు జెర్సీల మూటతోని తెలిసింది.
నలభై ఆరు జెర్సీలు, కత్తెర, తెల్లదారం ఉండ.
"ఫుజైరా మీద అజ్మాన్ కుట్టు ఎల్లయ్యా,
శుక్రవారం బస్సు" అన్నడు మేనేజరు
చెవిల ఫోను తియ్యకుంటనే.
కొత్త ఊరి పేరు చిన్నది.
ఎంత గుంజి కుట్టినా ప్రతి వీపు మీద
పాత ఊరి తోక బయటికే ఉన్నది.

కొండల కింది సొరంగం దాటినం.
వెనక సీట్ల కట్టెలు దారి పొడుగునా
ఒకదాన్నొకటి పొడుసుకుంట వచ్చినయి.
డ్రైవరు షేర్ జమాన్ అన్నడు:
అటు దిక్కు పొద్దు సముద్రంల కెల్లి లేస్తది,
ఇటు దిక్కు సముద్రంలకే పోతది,
మనకు రెండూ డ్యూటీ టైములే.

ఏం ఆట అది, అని ఫోన్ల అడిగింది మా లసుమక్క.
లక్రాసు. కట్టె కొసకు జాలి, జాలిల బంతి,
నాలుగు గోడల నడుమ ఆడుతరు,
ఒకర్నొకరు గోడకేసి గుద్దుతరు.
ఎడ్ల మూతికి కట్టే చిక్కం అసొంటిదా?
అసొంటిదే.
దానికి జీతం గూడ ఇస్తరా?
వాళ్లకు ఆడినందుకు. నాకు చిక్కాలు అల్లినందుకు.

కొత్త హాలు మొన్నటిదాక ఖర్జూరాల గోదాము.
పచ్చ పట్టా పరిచినా
బంతి చేతులకు తీసుకుంటే బెల్లప్పాకం వాసన.
మొదటి మ్యాచుకు పద్నాలుగు మంది,
అండ్ల నలుగురు అంబులెన్సోళ్లు.
ఆరుకు పదిహేడు. ఓడినం.
స్కోరు బోర్డుల మా పేరు ఇంకా ఎక్కలే,
"అతిథులు" అని ఉండె, సొంతింట్ల.

రెండో నెల టికెట్లు పుణ్యానికి పంచిండ్రు.
మార్బుల్ కోసే కంపెనీ కెల్లి
నేపాలోళ్లు, బీహారోళ్లు, మా మెట్‌పల్లి దిక్కోళ్లు ముగ్గురు,
కనుబొమ్మల దాక తెల్లదుమ్ముతోని వచ్చి
వరుసగ కూసోని నిద్రపోయిండ్రు.
బయట నలభై ఆరు, లోపట ఇరవై.
గోల్ పడి మైకు అరిస్తే
ఒకడు ఉలిక్కిపడి, షిఫ్టు అయిందా అన్నడు.

చప్పుడు నిద్రల కెల్లి ఎట్ల ఎక్కుతదో నాకెరుకే.
సాంచెలు ఆగితేనే మెలకువొచ్చే ఇల్లు మాది.
నాలుగో వారం, ఆట ఆగినప్పుడల్లా లేచిండ్రు.
ఆరో వారం చెక్కగోడ మీద అరచేతులు పడ్డయి,
రాయి మోసిన చేతులు,
గోదాము రేకులు గజగజ.
ఆరున్నర అడుగుల కెనడా గోలీని
"కాంఛా! కాంఛా!" అని పిలిచిండ్రు.
వాడు ముసుగెత్తి నన్ను అడిగిండు, తిడుతున్నరా అని.
ఇంట్ల చిన్న పిలగాన్ని అట్లనే పిలుస్తరన్న.
ఆ రాత్రి వాడు పందొమ్మిది ఆపిండు.

లీగోళ్లు ఒక మ్యాచు ఫుజైరాల పెట్టిండ్రు.
ఏడేండ్లు ఒకే కుర్చీల కూసున్న బేబిచ్చన్
ఈసారి మా దిక్కు చప్పట్లు కొట్టలే,
అవతలి దిక్కూ కొట్టలే.
అయిపోయినంక బట్టల గదికొచ్చి
తడి జెర్సీ మీది ఆ తోకను బొటనవేలితోని ఒత్తి చూసి
అరటి చిప్సు పొట్లం బల్ల మీద పెట్టి పోయిండు.

ఆఖరి మ్యాచు, ఆఖరి క్వార్టరు, జేకబ్ జాలి తెగింది.
ఈ ఆట పుట్టిందే వాళ్ల తాతలల్ల అంటడు,
జింక నరాలతోని అల్లేటోళ్లట.
నలభై సెకన్లల్ల ముడేసి ఇచ్చిన.
ఎవరు నేర్పిండ్రు యెల్లో, అన్నడు.
లసుమక్క.
పేరు నోరు తిరగక నవ్వుకుంట ఉరికిండు.
ఆ జాలి కెల్లే బంతి పోయింది,
కమ్మీకి తగిలి బయటికొచ్చింది.
ఒక్క గోల్‌తోని ఓడినం. ఏడు జట్లల్ల ఆరోది.

బోర్డు ఆర్పినా వాళ్లు లేస్తలేరు,
చీకట్ల చెక్కగోడ మోగుతనే ఉన్నది.
దుమ్ము కనుబొమ్మలాయన దగ్గరికొచ్చి అడిగిండు,
మళ్ల ఎన్నడు?
ఏప్రిల్ల.
ఇక్కడనేనా?
గోదాము తాళంచెవి నా జేబుల ఉన్నది.
దాన్ని తీసి ఆయనకు చూపించిన.